గుర్రం బొమ్మ కారు సంగతులు: పాఠకుల ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఇంజిన్ ఆయిల్ గురించి ఒకరు అడిగితే జవాబు రాస్తూ, మాటల్లో మాటగా మా గ్యారేజీలో 1966 నాటి ఫోర్డ్ మస్టాంగ్ ఉందని, అది పుట్టింది సామాన్యుల కోసమేనని రాశాను. ఆ ఒక్క మాటకే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం ఆ కారుకే ఇచ్చేశాను. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. మాది విజయవాడ. నాన్న ఆటోనగర్‌లో టింకరింగ్ పని చేసేవారు. నేను 1984లో చదువుకోవడానికి డెట్రాయిట్ వచ్చాను. కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో ముప్పై ఏళ్లు ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడూ ఇక్కడే ఉంటున్నాను.

ప్రశ్న: సార్, మస్టాంగ్ అంటే పెద్ద ఇంజిను, పెద్ద చప్పుడు, బాగా డబ్బున్నవాళ్ల కారు అనుకునేవాణ్ని. మీరేమో సామాన్యుల కారు అన్నారు. అదెలా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

సినిమాల్లో చూపించేది ఎప్పుడూ పెద్ద ఇంజినున్న మస్టాంగే కాబట్టి మీరలా అనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ఆ కారు ఎందుకు పుట్టిందో తెలిస్తే మీ అభిప్రాయం మారుతుంది.

1960 నాటి అమెరికాను ఊహించుకోండి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక పుట్టిన పిల్లలు ఇంకో నాలుగైదేళ్లలో డ్రైవింగ్ లైసెన్సులు తీసుకునే వయసుకు వస్తారు. వాళ్ల నాన్నల కార్లు పడవల్లా ఉండేవి. షెవ్రొలే కార్వెట్ లాంటి స్పోర్ట్స్ కారు కావాలంటే దాదాపు నాలుగు వేల డాలర్లు. పైగా అందులో రెండే సీట్లు. ఫోర్డ్ వాళ్ల దగ్గర ఫాల్కన్ అని ఒక చిన్న కారు ఉండేది. చవక, గట్టిది, మైలేజీ ఇచ్చేది. కానీ దాన్ని చూసి మనసు పారేసుకునేవాళ్లు ఎవరూ లేరు.

ఆ సంవత్సరమే ఫోర్డ్ డివిజన్ పగ్గాలు లీ అయకోకా చేతికి వచ్చాయి. వయసు ముప్పై ఆరు. ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబం, పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌లో పుట్టి పెరిగాడు. చదివింది ఇంజనీరింగ్ అయినా చేసింది అమ్మకాల పని. కొనేవాడి జేబులో ఎంత ఉందో, మనసులో ఏముందో రెండూ తెలిసిన మనిషి. ఆయన కొద్దిమందిని పోగేసి, ఆఫీసులో కాకుండా డెట్రాయిట్ పక్కనున్న డియర్‌బోర్న్‌లోని ఫెయిర్‌లేన్ ఇన్ అనే హోటల్లో సాయంత్రాలు సమావేశాలు పెట్టాడు. ఆ చాటు ఎందుకంటే, అంతకు కొద్దికాలం ముందే ఎడ్సెల్ అనే కారుతో ఫోర్డ్ కంపెనీ దాదాపు 25 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. కొత్త కారు అనే మాట ఎత్తితే పైవాళ్లు భయపడే రోజులవి. కంపెనీ అధిపతి రెండో హెన్రీ ఫోర్డ్‌ను ఒప్పించడానికి అయకోకాకు చాలాకాలమే పట్టింది.

ఒప్పించగలిగిన కిటుకు ఇదీ. కొత్త కారు చేయాలంటే డబ్బంతా ఇంజినుకు, గేర్‌బాక్సుకు, సస్పెన్షన్‌కు, వాటిని తయారుచేసే మెషిన్లకు పోతుంది. వీళ్లు ఆ జోలికే పోలేదు. కింద ఉన్నవన్నీ ఫాల్కన్ నుంచి తీసుకున్నారు, పైన ఒళ్లు మాత్రం కొత్తది తొడిగారు. 1962లో కంపెనీ లోపలే డిజైన్ స్టూడియోల మధ్య పోటీ పెడితే జో ఓరోస్ బృందం గెలిచింది. దానికి మూలమైన బొమ్మ గీసినవాడు గేల్ హాల్డర్‌మన్. పొడవాటి బానెట్, పొట్టి డిక్కీ, వెనక్కి జరిగి కూర్చున్న క్యాబిన్. ఆగి ఉన్నప్పుడు కూడా ముందుకు దూకబోతున్నట్టు కనిపించేది ఆ కొలతల వల్లే. నాకు అన్నిటికంటే నచ్చేది పక్క తలుపు మీద నుంచి వెనక చక్రం దాకా లోతుగా వెళ్లే ఆ గాడి. రేకును అలా వంచితే బలమూ వస్తుంది, అందమూ వస్తుంది.

1964 ఏప్రిల్ 16 రాత్రి తొమ్మిదిన్నరకు మూడు పెద్ద టీవీ నెట్‌వర్క్‌లలోనూ ఒకేసారి ప్రకటన వేశారు. మర్నాడు న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో కారును జనం ముందు పెట్టారు. ధర 2,368 డాలర్లు. అప్పట్లో ఒక సగటు అమెరికన్ కుటుంబానికి ఏడాదికి వచ్చేది సుమారు 6,600 డాలర్లు. అంటే నాలుగైదు నెలల సంపాదన. ఆ ధరకే ముందు విడివిడి బకెట్ సీట్లు, నేల మీద గేర్ రాడ్డు, కార్పెట్, మెత్తని డ్యాష్‌బోర్డు అన్నీ ఇచ్చారు. మిగతావన్నీ మీ ఇష్టం. పెద్ద ఇంజిను కావాలా, ఆటోమేటిక్ గేర్లు కావాలా, డిస్క్ బ్రేకులు కావాలా, రేడియో కావాలా, జాబితాలో టిక్కు పెట్టుకుంటూ పోవడమే. ఒకే వీధిలో పది మస్టాంగులున్నా ఏ రెండూ ఒకలా ఉండేవి కావు.

మొదటి రోజే 22,000 ఆర్డర్లు వచ్చాయి. తొలి పన్నెండు నెలల్లో అమ్మినవి 4,18,812. రెండేళ్లు నిండకుండానే పది లక్షలో కారు బయటికొచ్చింది. టెక్సాస్‌లోని గార్లాండ్‌లో షోరూములో ఉన్న ఒకే ఒక్క కారు కోసం పదిహేను మంది పోటీపడితే, వేలంపాటలో గెలిచినవాడు తన చెక్కు పాసయ్యేదాకా ఎవరికీ అమ్మకూడదని ఆ రాత్రి కారులోనే పడుకున్నాడని అప్పట్లో చెప్పుకునేవారు.

సామాన్యుల కారు అన్నది నేను అంకెలు చూసి నేర్చుకున్న మాట కాదు. మా కారు మొదటి యజమానురాలిని చూసి నేర్చుకున్నాను. ఆవిడ మా వీధి చివర ఇంట్లో ఉండే రిటైర్డ్ నర్సు. 1966లో ఆవిడకు ఇరవై నాలుగేళ్లు. అప్పు కోసం బ్యాంకుకు వెళితే నాన్నగారి సంతకం తెమ్మన్నారట. సొంత జీతం ఉన్నా ఆడవాళ్లకు అప్పు పుట్టడం అంత కష్టంగా ఉండేది ఆ రోజుల్లో. ఆ వివక్ష కుదరదని చట్టం వచ్చింది 1974లో. ఆవిడ సంతకం అడగడానికి వెళ్లలేదు. రాత్రి డ్యూటీలు చేసి, ఒక్కో డాలరూ దాచి, నగదు కట్టి తెల్ల మస్టాంగ్ కొనుక్కున్నారు. ఆరు సిలిండర్ల చిన్న ఇంజిను, మూడు గేర్లు, రేడియో. అంతే. "నా జీవితంలో నా పేరు మీద ఉన్న మొదటి వస్తువు ఇదే" అని తాళాలు ఇస్తూ ఆవిడ నాతో అన్నారు. మస్టాంగ్ అంటే నాకు ఆవిడే గుర్తొస్తారు. రేసులు తర్వాత సంగతి.

ప్రశ్న: అన్నా, నాది ఆటోనగర్‌లోనే షెడ్డు. నీ కారు ఏ స్థితిలో కొన్నావు? ఎలా బాగుచేశావు? ఆ కార్లలో తుప్పు ఎక్కడ మొదలవుతుంది? (టింకరింగ్ మేస్త్రి, విజయవాడ)

తమ్ముడూ, నీ ఉత్తరం మూడుసార్లు చదువుకున్నాను. ఆటోనగర్ నుంచి ఎవరైనా రాస్తే నాకు నాన్న షెడ్డులో గ్యాస్ వెల్డింగ్ వాసన గుర్తొస్తుంది.

1996లో కొన్నాను. ఇంజిను బాగుంది. ఒళ్లే పాడైంది. ఇక్కడ చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ముప్పై ఏళ్లు ఆ ఉప్పు నీళ్లు తాగిన రేకు ఎలా ఉంటుందో నీకు వేరే చెప్పాలా? స్క్రూడ్రైవరుతో పొడిస్తే లోపలికి దిగిపోయేది.

మస్టాంగ్‌లో ముందు గుర్తుపెట్టుకోవలసింది, దానికి లారీకో జీపుకో ఉన్నట్టు విడిగా చాసిస్ లేదు. నేల రేకు, పక్క సిల్లులు, ముందు రెయిళ్లు అన్నీ స్పాట్ వెల్డింగుతో కలిసి అవే చాసిస్ పని చేస్తాయి. కాబట్టి నేల రేకు తుప్పు పట్టిందంటే కాళ్ల కింద చిల్లు పడిందని మాత్రమే కాదు, బండి నడుం విరుగుతోందని అర్థం. తలుపు తీసి వేస్తుంటే సరిగ్గా పడకపోతే కబ్జాలను అనుమానించకు, ముందు కింద పడుకుని చూడు.

అసలు దొంగ ఉండేది ముందు అద్దం కింద. వైపర్ల దగ్గర సన్నటి జాలీ ఉంటుంది కదా, అక్కడి నుంచి క్యాబిన్‌లోకి గాలి వచ్చే దారి. వాన నీళ్లు ఆ జాలీలోంచి దిగి లోపలి తొట్టిలో పడి, రెండు పక్కలా బయటికి పోవాలి. ఆకులు, మట్టి పేరుకుపోతే నీళ్లు నిలుస్తాయి. తొట్టిలో గాలి వచ్చే గొట్టం చుట్టూ ఉన్న అంచు తుప్పు పట్టి చిల్లు పడుతుంది. ఇక అక్కడి నుంచి నీళ్లు సరాసరి డ్రైవరు కాళ్ల దగ్గర కార్పెట్ కిందికి చేరతాయి. పైనుంచి చూస్తే ఏమీ కనబడదు. నేలకు అతుకు వేసినవాడు మళ్లీ రెండేళ్లకు అదే నేలకు అతుకు వేస్తాడు, ఎందుకంటే నీళ్లు పైనుంచి వస్తున్నాయని అతనికి తెలియదు. పరీక్ష చాలా తేలిక. ఒక మనిషి జాలీలో మగ్గుతో నీళ్లు పోయాలి, ఇంకొకరు డ్యాష్‌బోర్డు కింద టార్చిలైటుతో చూడాలి.

మా కారుకు అలా చూస్తే నీళ్లు ధారగా వచ్చాయి. ఆ తొట్టి పైరేకు, కిందిరేకు రెండూ స్పాట్ వెల్డింగులతో అతికి ఉంటాయి. ఒక్కో చుక్కనూ డ్రిల్లుతో తీసి, పైరేకును చెక్కుచెదరకుండా విప్పాలి. ఆ పని మొదలుపెట్టి నేను నెల రోజులు చేతులు కట్టుకుని కూర్చున్నాను. ధైర్యం చాలలేదు.

1997 వేసవిలో నాన్న ఇక్కడికి వచ్చారు. వచ్చిన మూడో రోజు గ్యారేజీ తలుపు తెరిచి చూసి, లుంగీ ఎగ్గట్టి, "సుత్తి ఏదిరా?" అన్నారు. నేను తుప్పు మీద రేకు ముక్క వేసి లప్పం పూస్తే సరిపోతుందేమో అన్నాను. "తుప్పు మీద లప్పం పెడితే పుండు మీద పౌడరు రాసినట్టే" అన్నారు. పాడైన రేకంతా మంచి రేకు తగిలేదాకా కోయించారు. ఇక్కడ మస్టాంగుకు ప్రతి రేకూ కొత్తది దొరుకుతుంది. క్యాటలాగు చూసి ఫోను చేస్తే నాలుగు రోజుల్లో నేల రేకు ఇంటికి వచ్చింది. అది చూసి నాన్న ఆశ్చర్యపోయారు. ముప్పై ఏళ్ల నాటి బండికి కొత్త రేకు తయారుచేసి అమ్మేవాళ్లున్నారంటే ఆ బండిని జనం ఎంత ప్రేమిస్తున్నారో అన్నారు.

తలుపు మీద ఒక చోట రేకు ఉబ్బి, నొక్కితే డబ్బా మూతలా టకటకలాడేది. నాన్న దాన్ని సుత్తితో కొట్టనివ్వలేదు. రూపాయి బిళ్లంత మేర గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి, చుట్టూ మెల్లగా తట్టి, తడిగుడ్డ అద్దారు. సాగిన రేకు ముడుచుకుని తన స్థానంలోకి వచ్చింది. తర్వాత దాని మీద అరచెయ్యి వేసి కళ్లు మూసుకుని అటూ ఇటూ నిమిరారు. అది నీకూ తెలిసిన విద్యే. నేను ఇంజనీరింగులో చదువుకున్న లోహశాస్త్రం అంతా ఆ తడిగుడ్డలో ఉందని నాకు ఆ రోజు తెలిసింది. నాన్న 2009లో పోయారు. ఆ తలుపుకు నేను ఇప్పటికీ మళ్లీ రంగు వేయించలేదు.

ఇంజిను గురించి కూడా చెబుతాను. 200 క్యూబిక్ అంగుళాలు, అంటే సుమారు 3.3 లీటర్లు, ఆరు సిలిండర్లూ ఒకే వరసలో. 120 హార్స్ పవర్. పోత ఇనుముతో చేసిన మొద్దు ఇంజిను. క్రాంకుకు ఏడు మెయిన్ బేరింగులు, అందుకే అంత మృదువుగా తిరుగుతుంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ విడిగా ఉండదు, సిలిండర్ హెడ్డుతో కలిపే పోశారు. పవర్ పెంచుకోవాలనుకునేవాళ్లు అందుకే తల పట్టుకుంటారు. నాకు ఆ అవసరం లేదు. ఒకటో గేరుకు సింక్రో, అంటే గేర్ల వేగాలను తనంతట తానే కలిపే ఏర్పాటు, లేదు. బండి కదులుతుండగా ఒకటిలోకి వేయాలంటే మన పాత లారీ డ్రైవర్లలాగా డబుల్ క్లచ్ తొక్కాలి. నాన్నకు అది నేర్పాల్సిన పనే లేకపోయింది.

ప్రశ్న: 1964½ మస్టాంగ్ అంటారు. అరసంవత్సరం మోడల్ ఏమిటి బాబాయ్ గారూ? (ఇంజనీరింగ్ విద్యార్థిని, విశాఖపట్నం)

అమ్మాయీ, కంపెనీ లెక్కలో అలాంటి మోడల్ లేదు. మొదటి రోజు నుంచీ అన్నిటినీ 1965 మోడల్ గానే నమోదు చేశారు. అయితే 1964 మార్చి నుంచి ఆ వేసవి దాకా తయారైనవాటికి, ఆగస్టు తర్వాత తయారైనవాటికి తేడాలున్నాయి. అందుకే అభిమానులు మొదటివాటికి ఆ ముద్దుపేరు పెట్టుకున్నారు.

ముఖ్యమైన తేడా బ్యాటరీ చార్జింగ్. తొలి కార్లలో జనరేటర్, అంటే మనవాళ్లు డైనమో అనేది ఉంటుంది. తర్వాతివాటిలో ఆల్టర్నేటర్. ఇంజిన్లు కూడా మారాయి. 170 క్యూబిక్ అంగుళాల సిక్స్, అంటే ఆరు సిలిండర్ల ఇంజిను, బదులు 200 వచ్చింది. 260 వీ8, అంటే V ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్నది, పోయి 289 వచ్చింది. వెనక వాలుగా దిగే ఫాస్ట్‌బ్యాక్ ఆకారం కూడా ఆ శరదృతువులోనే మొదలైంది.

నువ్వు ఇంజనీరింగ్ చదువుతున్నావు కాబట్టి ఇంకో సరదా విషయం. ఆ కార్ల మీద ఫ్యాక్టరీలో కొట్టిన నంబరును అక్షరం అక్షరం చదవచ్చు. మా కారు నంబరు 6F07T తో మొదలవుతుంది. 6 అంటే 1966. F అంటే డియర్‌బోర్న్ ఫ్యాక్టరీ. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో చేసి ఉంటే R, న్యూజెర్సీలోని మెటచెన్‌లో చేసి ఉంటే T ఉండేది. 07 అంటే మామూలు రెండు తలుపుల కూపే. 08 అయితే టాప్ తీసేది, 09 అయితే ఫాస్ట్‌బ్యాక్. చివరి T ఆరు సిలిండర్ల ఇంజిను. ఆ స్థానంలో K ఉంటే 271 హార్స్ పవర్ ఉన్న అరుదైన 289. ఆ ఒక్క అక్షరంతో కారు ధర ఎక్కడికో వెళ్లిపోతుంది. అందుకే ఆ అక్షరాన్ని దొంగగా కొట్టేవాళ్లు కూడా తయారయ్యారు.

ప్రశ్న: అన్నయ్య గారూ, మావారు పాత మస్టాంగ్ కొంటానని ఆరు నెలల నుంచి పట్టుబట్టారు. వీ8 కావాలట. పిల్లల్ని కూడా అందులోనే స్కూలుకి దింపుతానంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. (డాలస్)

అమ్మా, మీ టెన్షన్‌లో న్యాయం ఉంది. ఆ కారంటే నాకు ప్రాణం. అయినా స్కూలు డ్యూటీకి మాత్రం అది వద్దు. ఎందుకో వివరంగా చెబుతాను, ఇది మీవారికి చూపించండి.

1966 దాకా వచ్చిన మస్టాంగుల్లో బ్రేకు మాస్టర్ సిలిండరుకు ఒకటే గది. ఎక్కడో ఒక పైపు కారిందంటే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. 1967 నుంచి రెండు గదులది పెట్టారు. పాతవాటికి కూడా రెండు గదుల సిలిండరు మార్పించుకోవచ్చు. మా కారుకు నేను చేసిన మొదటి పని అదే. రెండోది బెల్టులు. నడుముకు మాత్రమే ఉంటాయి, భుజం మీదుగా వచ్చేవి ఉండవు. మూడోది పెట్రోలు ట్యాంకు. డిక్కీలో మనం సామాను పెట్టే నేల ఉంది చూశారా, అది ట్యాంకు పైకప్పే. వెనక నుంచి ఎవరైనా గట్టిగా గుద్దితే ట్యాంకుకూ వెనక సీటుకూ మధ్య పెద్దగా అడ్డేమీ లేదు. వెనక కూర్చునేది పిల్లలు. ఇంతకంటే నేను చెప్పక్కర్లేదు.

ఆదివారం పొద్దున్న మీరిద్దరూ సరదాగా తిరగడానికైతే సంతోషంగా కొనుక్కోండి. వీ8 అని పట్టుపట్టవద్దని మాత్రం ఆయనకు చెప్పండి. ఆరు సిలిండర్లది చవకగా దొరుకుతుంది, రిపేరు తేలిక, చూపులకు అదే అందం. ఒకవేళ వీ8 అని ఎవరైనా అమ్మజూపితే చక్రానికి బోల్టులు లెక్కపెట్టమనండి. ఫ్యాక్టరీ నుంచి సిక్స్‌గా వచ్చినవాటికి నాలుగు, వీ8గా వచ్చినవాటికి ఐదు. నాలుగు బోల్టుల మీద వీ8 తిరుగుతోందంటే ఎవరో ఇంజిను ఒక్కటీ మార్చి, బ్రేకులు, ఇరుసు చిన్నవే వదిలేశారని అర్థం. అలాంటి బండి దగ్గర నిలబడకుండా వచ్చేయండి. కొనే ముందు అద్దం కింద జాలీలో మగ్గుతో నీళ్లు పోసి చూడటం మరవకండి. అమ్మేవాడు ఒప్పుకోకపోతే అదే మీకు జవాబు.

ప్రశ్న: మస్టాంగ్ అంటే అడవి గుర్రమని నిఘంటువులో చూశాను. యుద్ధ విమానం పేరు అని మా అబ్బాయి అంటాడు. ఏది నిజం? ఇంకో మాట. మా తాతగారు రంగూన్‌లో పనిచేసి వచ్చారు. ఈ కారుకు రంగూన్ రెడ్ అనే రంగు ఉండేదని ఎక్కడో చదివాను. నిజమేనా? (రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కాకినాడ)

మాస్టారూ, మీరిద్దరూ చెప్పిందీ నిజమే. 1962లో ఫోర్డ్ వాళ్లు ప్రదర్శన కోసం చేసిన రెండు సీట్ల బుల్లి కారుకు మస్టాంగ్ అనే పేరు సూచించినవాడు డిజైనర్ జాన్ నాజర్. ఆయనకు పీ-51 మస్టాంగ్ యుద్ధ విమానమంటే ఇష్టం. కానీ అమ్మే కారుకు వచ్చేసరికి గుర్రాన్నే పట్టుకున్నారు. మధ్యలో ఒక దశలో కూగర్ అనే పేరు, అడవి పిల్లి బొమ్మ కూడా అనుకున్నారు. చివరికి ముందు గ్రిల్లులో నిలబడింది ఎడమకు పరుగెత్తే గుర్రం. రేసుకోర్సుల్లో గుర్రం కుడికి పరుగెత్తుతుందా, ఎడమకా అని ఇక్కడ చాలామంది వాదించుకుంటారు. అది కళ్లెం లేని గుర్రం మాస్టారూ, దానికి రేసుకోర్సుతో పనిలేదు.

జర్మనీలో ఆ పేరు పెట్టుకోనివ్వలేదు. అక్కడ క్రుప్ కంపెనీ అంతకుముందే ఒక లారీకి మస్టాంగ్ అని హక్కు తీసుకుంది. అందుకని 1970ల చివరిదాకా అక్కడ ఇదే కారును టీ-5 అనే పేరుతో అమ్మారు.

రంగూన్ రెడ్ కూడా నిజమే. మొదటి ఏడాది మస్టాంగుకు ఉన్న రెండు ఎరుపుల్లో అది ఒకటి, రెండోది కొంచెం నారింజ కలిసిన పాపీ రెడ్. మా కారుకు ఉన్న తెలుపు పేరు వింబుల్డన్ వైట్. డియర్‌బోర్న్‌లో రంగులకు పేర్లు పెట్టినవాళ్లకు రంగూన్ ఒక దూరదేశపు అందమైన పేరు. మనకు అలా కాదు. కోరంగి నుంచి, కాకినాడ నుంచి, విశాఖ నుంచి ఓడలెక్కి వెళ్లిన మనవాళ్లు ఆ ఊరి రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. తెలుగువాళ్లని అక్కడ కోరంగీలనే పిలిచేవారు. 1930ల నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. 1942లో జపాను బాంబులకు తాళలేక లక్షలమంది నడిచి తిరిగొచ్చారు. ఇక్కడ ప్రదర్శనల్లో ఎప్పుడు రంగూన్ రెడ్ కారు కనబడినా నేను ఆగి ఆ పేరున్న పలకను చదువుతాను. మీ తాతగారు అక్కడ ఏ పని చేశారో, ఎప్పుడు తిరిగొచ్చారో వీలుంటే నాకు రాయండి.

ప్రశ్న: మధ్యలో మస్టాంగ్ చెడిపోయిందంటారు. ఎందుకని? (ఖమ్మం)

ఏటా కొంత లావెక్కింది. 1971కి వచ్చేసరికి మొదటిదాని పక్కన పెడితే అన్నదమ్ములని ఎవరూ అనరు. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపేయడంతో పెట్రోలు బంకుల ముందు మైళ్ల కొద్దీ క్యూలు. సరిగ్గా అప్పుడే పింటో అనే చిన్న కారు భాగాలతో చేసిన మస్టాంగ్ 2 వచ్చింది. 1974లో దానికి అసలు వీ8 ఇంజినే లేదు. అభిమానులు ఇప్పటికీ దాన్ని చిన్నచూపు చూస్తారు. నేను ఒప్పుకోను. ఆ ఒక్క ఏడాదే అవి 3,85,000కు పైగా అమ్ముడయ్యాయి. ఆ కష్టకాలంలో అది లేకపోతే పేరే మిగిలేది కాదు.

అసలు గండం తర్వాత వచ్చింది. 1980ల్లో ముందు చక్రాలతో నడిచే, జపాను కంపెనీ మాజ్దా సాంకేతికతతో చేసిన కారుకు మస్టాంగ్ పేరు పెట్టాలని కంపెనీ నిర్ణయించింది. సంగతి బయటికి పొక్కేసరికి జనం ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. నేను అప్పుడే కొత్తగా ఉద్యోగంలో చేరాను. క్యాంటీన్‌లో ఎక్కడ చూసినా అదే గొడవ. చివరికి ఆ కారు ప్రోబ్ అనే పేరుతో వచ్చింది, మస్టాంగ్ వెనక చక్రాలతోనే బతికింది.

మన దేశానికి అధికారికంగా వచ్చింది 2016లో, 65 లక్షల రూపాయలకు. ఎడమ పక్కన నడిపే దేశాల కోసం కుడివైపు స్టీరింగుతో ఫ్యాక్టరీలోనే తయారైన మొదటి తరం అది. ఆ ధర చూసి నాకు దిగులేసింది. నర్సమ్మ రాత్రి డ్యూటీలు చేసి కొనుక్కోగలిగే ధర కాదది.

ప్రశ్న: తాతయ్యా, అన్నిటికంటే మొదటి మస్టాంగ్ ఇప్పుడు ఎక్కడుంది? (ఆరో తరగతి, నిజామాబాద్)

బంగారూ, దాని కథ భలే ఉంటుంది. సీరియల్ నంబరు 100001. తెల్ల రంగు, టాప్ తీసే కారు. షోరూములో చూపించడానికి మాత్రమే దాన్ని కెనడాలో సముద్రం మధ్య ఉన్న న్యూఫౌండ్‌లాండ్ ద్వీపానికి పంపారు. అమ్మడానికి కాదు. కానీ సెయింట్ జాన్స్ ఊళ్లో స్టాన్లీ టక్కర్ అనే విమానం పైలట్ దాన్ని చూసి మనసుపడి కొనేసుకున్నాడు. తర్వాత కంపెనీవాళ్లు కారు వెనక్కి ఇమ్మని అడిగితే వెంటనే ఇవ్వలేదు. రెండేళ్లు హాయిగా తిరిగాడు. 1966లో పది లక్షల మస్టాంగులు పూర్తయ్యాక, పది లక్షల ఒకటో కారు తీసుకుని మొదటిది ఇచ్చేశాడు. అది ఇప్పుడు డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది. మా ఇంటి నుంచి ఇరవై నిమిషాలు. నీ ఉత్తరం వచ్చిన వారం వెళ్లి దాని ముందు నిలబడి వచ్చాను.

ప్రశ్న: మేం ఒహాయోలో ఉంటాం. మా నాన్నగారు ఆగస్టులో ఇండియా నుంచి వస్తున్నారు. పాత కార్లంటే ఆయనకు పిచ్చి. ఎక్కడికి తీసుకెళ్లమంటారు? (కొలంబస్)

ఆగస్టు మూడో శనివారం డెట్రాయిట్ తీసుకురండి. ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. 1995 నుంచి జరుగుతోంది. టికెట్టు లేదు. రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడమే. మస్టాంగులన్నీ ఫెర్న్‌డేల్‌లో నైన్ మైల్ రోడ్డు దగ్గర ఒకచోట బారులు తీరి ఉంటాయి. పొద్దున్న ఏడింటికల్లా రాకపోతే పార్కింగ్ దొరకదు. టోపీ, నీళ్లు, నాన్నగారికి మడత కుర్చీ తెచ్చుకోండి. ముందురోజు శుక్రవారం వస్తే మ్యూజియం కూడా చూపించవచ్చు.

మిగతావాళ్ల కార్లను ముట్టుకునే ముందు యజమానిని అడగండి, వాళ్లు రంగు మీద వేలిముద్ర పడినా బాధపడతారు. తెల్ల కూపే పక్కన తెలుగులో మాట్లాడే ముసలాయన కనిపిస్తే మాత్రం అడగక్కర్లేదు. డ్రైవరు వైపు తలుపు మీద, గాడికి కొంచెం పైన, మీ నాన్నగారిని అరచెయ్యి వేసి చూడమనండి.